అట్టపెట్టెల బస్సులో ఎవరు కూర్చోవాలి

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు నన్ను కలిసినప్పుడు తరచూ ఒక ప్రశ్న వేస్తారు. పిల్లలకు సమానత్వం గురించి ఎలా చెప్పాలి సార్ అని. పాతికేళ్ళ వయసులో అడిగి ఉంటే గంటసేపు మాట్లాడేవాణ్ణి. దోహాలో ఒక భారతీయ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయిన ఈ వయసులో నా దగ్గర ఉపన్యాసం లేదు. ఒక చిన్న నాటకం సంగతి మాత్రం ఉంది. ఆ నాటకంలో ముఖ్యపాత్ర ఎవరికి ఇవ్వాలన్న విషయం మీద నాతో నేను ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాను. ఏ పక్షమూ ఇంతవరకు గెలవలేదు.

నేను పెరిగిందే వాదాల మధ్య. మా ఊరి రీడింగ్ రూములో ఆదివారం వచ్చిందంటే చర్చే. దేవుడున్నాడా, జాతకం నిజమేనా, కులం ఎవడు పెట్టాడు? పేరు వెనక కులం తోక కత్తిరించుకున్నవాళ్ళం. అన్ని కులాలవాళ్ళం ఒకే బంతిలో కూర్చుని తిని, తిన్నామని కరపత్రం కూడా వేసినవాళ్ళం. ఎదుటివాడి వాదంలో లొసుగు ఎక్కడుందో వాడు నోరు మూసేలోపు పట్టుకోవడం మాకు ఆట. ఆ రోజుల నుంచి నాకొక నమ్మకం ఉండేది. ఏ ప్రశ్నకైనా న్యాయమైన జవాబు ఒకటుంటుందని, పక్షపాతం లేకుండా ఆలోచిస్తే అది దొరికి తీరుతుందని. ఆ నమ్మకం పెట్టెలో పెట్టుకునే దోహా వెళ్ళాను.

ప్రపంచ కప్పు దగ్గరపడుతున్న రోజులవి. ఊరంతా తవ్వకాలే. నిన్న ఉన్న రోడ్డు ఇవాళ ఉండేది కాదు. బడి బస్సులు రోజుకో దారిన వచ్చేవి. ఫుట్‌బాల్ పేరుతో ప్రతి బడిలోనూ ఏదో ఒక కార్యక్రమం. మా హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ ఒక్కో తరగతికి ఒక్కో అంశం ఇచ్చారు. మా ఏడో తరగతికి వచ్చింది నల్లజాతి చరిత్ర. ఆఫ్రికా జట్లు వస్తున్నాయి కదా, పిల్లలకు అందరినీ కలుపుకుపోవడం నేర్పాలి కదా అన్నారు. పాఠంగా వద్దన్నారు. బొమ్మలు, పాటలు, నాటకం, ఏదైనా చేతులతో చేయించమన్నారు. నాకు పండగలా అనిపించింది. జీవితమంతా మాట్లాడిన విషయం మీద ఇన్నాళ్ళకు ప్రభుత్వాలూ బడులూ మాట్లాడమంటున్నాయి.

నాకు తోడుగా ఆర్ట్ మేడమ్‌ను వేశారు. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన ముస్లిం మహిళ. దక్కనీ, తెలుగు రెండూ కలిపి మాట్లాడేది. నా వాదాలంటే ఆమెకు విసుగు, నాకు ఆమె తొందరంటే విసుగు. అయినా ఇద్దరం బాగానే పనిచేశాం. పాత దుప్పటిని టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టి, దాని మీద పిల్లలతో ఆఫ్రికా పటం కుట్టించాం. బానిసల ఓడలు కాగితంతో మడిచి ఆ గుడ్డ మీద అంటించారు. ఓడలు అమెరికాకే కాదు, ఈ తీరానికి కూడా వచ్చాయని, ఇక్కడి ముత్యాల పడవల మీద కూడా తూర్పు ఆఫ్రికా బానిసలు పనిచేశారని నేను చెప్పాను. ఇటువైపు కూడా రెండు ఓడలు అంటించమన్నాను. హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ వచ్చి చూసి, "మాస్టారూ, అటువైపువి చాలు. ఇటువైపు మనం అతిథులం" అన్నారు. ఆ ఓడలు ఊడదీయించారు. జిగురు మరకలు మాత్రం మిగిలాయి.

బడి గేటు దగ్గర సెక్యూరిటీగా కెన్యా యువకుడు ఒకడుండేవాడు. పిల్లలకు డప్పు నేర్పమని నేనే వెళ్ళి అడిగాను. అతను మర్యాదగా చెప్పాడు, డప్పు తనకు రాదనీ, వాళ్ళ చర్చిలో కీబోర్డు వాయిస్తాడనీ, చదివింది కామర్స్ అనీ. అయినా పిలిచానని క్లాసుకు వచ్చాడు. మీ ఇంటి దగ్గర సింహాలుంటాయా అని ఒకడు అడిగితే, "మా ఇంటి దగ్గర ట్రాఫిక్ ఉంటుంది" అన్నాడు. పిల్లలు నిరాశపడ్డారు. నేను కూడా పడ్డానేమోనని అనుమానం.

ఇక నాటకం. ఎప్పుడో అమెరికాలో ఒక నల్లామె బస్సులో కూర్చుని ఉంటే, తెల్లవాడికి సీటు ఇవ్వమని డ్రైవరు అడిగాడు. ఆమె లేవనంది. పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. అంతే నాటకం. ఫ్రిజ్‌లు వచ్చిన అట్టపెట్టెలు కోసి బస్సు చేశాం. సంగతి చెప్పిన రోజే ఒక అమ్మాయి చెయ్యి ఎత్తింది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అమ్మాయి. మా బడిలో పిల్లలను బస్సు రూటు పేరుతో పిలవడం అలవాటు, నేను కూడా అలాగే పిలుస్తాను. వాళ్ళ నాన్న సైటులో ఫోర్‌మన్. జగిత్యాల వైపువాళ్ళు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో ఒక విల్లాను గదులుగా విడగొట్టి అద్దెకిస్తే అందులో ఉండేవారు. నాతో తెలుగే మాట్లాడేది.

"సార్, శుక్రవారం మా కాకను మాల్ గేటుకాడ ఆపిన్రు. ఫ్యామిలీలకే అన్నరు. మేం ఉన్నమంటే అప్పుడు ఇడిచిపెట్టిన్రు. గది గూడ గిదేనా?"

శుక్రవారాల్లో కుటుంబం వెంట లేని మగ కూలీలను అక్కడి మాల్స్‌లోకి రానిచ్చేవారు కాదు. తరగతి అంతా నావైపు చూసింది. "కొంత అదే. కొంత కాదు" అన్నాను.

"ఏది కాదు సార్?"

నేను బ్లాక్‌బోర్డు తుడవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే, గందరగోళం అక్కడే మొదలైంది.

మర్నాటికి ఆర్ట్ మేడమ్ పాత్రలు పంచేసింది. సీటు వదలని ఆమెగా ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అమ్మాయి. డ్రైవరుగా, తెల్ల ప్రయాణికులుగా కాస్త ఎర్రగా ఉన్న పిల్లలు. వెనక సీట్లలో మిగిలిన నల్లపిల్లలు. వరస చూడగానే నాకు తల తిరిగింది.

"మేడమ్, ఏ లెక్కన ఇచ్చారు?"

"లెక్కేముంది సార్. రంగు చూసి ఇచ్చిన. మేకప్ తక్కువ పడ్తది."

"రంగు చూసి మనుషులను కూర్చోబెట్టకూడదని చెప్పే నాటకానికి రంగు చూసి కూర్చోబెడతారా?"

"అరే, క్యా సాబ్. రాముడి ఏశం పొడుగు పోరనికి ఇస్తం, పొట్టోనికి ఇస్తమా? ఇది గూడ అంతే."

అంతే కాదని అరగంట వాదించాను. పిల్లల ఒంటిరంగు ముందు ఎవరూ చూడకూడదన్నాను. ముఖాలకు రంగు పూయడం అసలే కుదరదన్నాను. అయితే ఎవరు నల్లో ఎవరు తెల్లో జనానికి ఎట్లా తెలుస్తుందని ఆమె అడిగింది. న్యాయమైన ప్రశ్నే. రాత్రంతా ఆలోచించి జవాబు కనిపెట్టాను. కండువాలు. తెల్లవాళ్ళకు తెల్ల కండువా, నల్లవాళ్ళకు కాఫీరంగు కండువా. ఒంటిరంగు అంటే తోలు కాదు, సమాజం మెడలో వేసే గుడ్డ అని పిల్లలకు అర్థమవుతుంది. ఎవరికి ఏ కండువా అనేది చీటీలు తీసి తేలుద్దాం. ఆ ఆలోచన వచ్చినప్పుడు నన్ను నేను మెచ్చుకున్నాను. రీడింగ్ రూములో ఆ మాట అని ఉంటే చప్పట్లు కొట్టేవాళ్ళు.

పిల్లలు తమాషాగా చీటీలు తీశారు. సీటు వదలని ఆమె పాత్ర ఖలీఫా అమ్మాయికి పడింది. మదీనత్ ఖలీఫాలో విల్లా, తండ్రి ఇంజనీరు, విజయవాడవాళ్ళు, పచ్చగా ఉంటుంది పిల్ల. డ్రైవరు పాత్ర ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అమ్మాయికి. నాకు చెప్పలేనంత సంతోషం. చూశారా, రంగు ఎంత అర్థంలేనిదో చీటీలే చెప్పాయి అని క్లాసులోనే అన్నాను. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అమ్మాయి తెల్ల కండువా మడిచి సంచిలో పెట్టుకుంది.

రెండు రోజుల తరవాత స్టాఫ్ రూముకు వచ్చింది.

"సార్, చీటీలు మల్ల తియ్యరా?"

"ఎందుకమ్మా? చీటీ అంటే అందరికీ సమానం. నువ్వు తీసినప్పుడు నేను కూడా చూడలేదు."

"సమానమే సార్. పోయిన ఏడు నాటకంల యువరాణి ఎవరు?"

"ఖలీఫా అమ్మాయి."

"అంతకుముందు ఏడు దేవత ఎవరు?"

గుర్తు తెచ్చుకున్నాను. ఆ అమ్మాయే.

"నేనేం ఏశం ఏసిన్నో ఎర్కేనా మీకు? చెట్టు. రెండేండ్లు చెట్టే. అంతకు ముంగట రాక్షసి చెల్లె." కోపంగా చెప్పలేదు. హోంవర్క్ అప్పజెప్పినట్టు చెప్పింది. "సార్, హీరోయిన్ నల్లగుండే నాటకం ఇన్నేండ్లల్ల గిదొక్కటే. గది గూడ మల్ల ఆమెకే పోయె."

అసలు జవాబు నాకు బాగా తెలుసు, కానీ అది ఆ అమ్మాయి పక్షాన ఉంది. రీడింగ్ రూములో రిజర్వేషన్ల మీద చర్చ వచ్చినప్పుడల్లా ఎదుటి పక్షం ఏమనేది? ఎవరి కులమూ అడగవద్దు, తలుపు అందరికీ తెరిచి ఉంచండి, అదే న్యాయం అనేది. నేను లేచి, తరతరాలుగా గడప అవతల నిలబెట్టినవాడికి తెరిచిన తలుపొక్కటే చాలదు, చెయ్యిపట్టి లోపలికి తీసుకురావాలి అని బల్లగుద్ది చెప్పేవాణ్ణి. ఇప్పుడు చీటీల డబ్బా పట్టుకుని నిలబడింది నేను. నా చేతిలో ఉన్నది మా ఎదుటి పక్షంవాళ్ళ వాదం.

అయితే పాత్ర ఆమెకు ఇచ్చేద్దామా? ఎందుకిస్తున్నట్టు? నల్లగా ఉందని. అంటే ఆర్ట్ మేడమ్ మొదట చేసిందే కదా? ఆమె మేకప్ మిగులుతుందని ఇచ్చింది, నేను చరిత్రను సరిచేద్దామని ఇస్తున్నాను. చూసేవాళ్ళకు తేడా ఎక్కడ తెలుస్తుంది? నల్లపిల్లకు నల్లామె వేషం. వాళ్ళకు కనబడేది అంతే.

ఆర్ట్ మేడమ్‌తో చెబితే ఆమె బ్రష్షులు కడుగుతూ నవ్వింది.

"మొదట్ల నేను ఆమెకే ఇచ్చిన కదా సార్. మీరే లొల్లి చేసిన్రు."

"మీరిచ్చిన కారణం తప్పు మేడమ్."

"కారణం ఏదైతేంది, ఏశం పిల్లకు వచ్చేది కదా."

"కారణమే ముఖ్యం."

"కారణం మీకు ముఖ్యం సార్. పిల్లకు ఏశం ముఖ్యం."

నేను ఆలోచిస్తూ ఉండగానే ఆ వారం ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అమ్మాయి తండ్రి బడికి వచ్చాడు. డ్యూటీ మధ్యలో కంపెనీ పికప్ వేసుకుని వచ్చాడు. బూట్లకు సిమెంటు. కుర్చీ చూపిస్తే దుమ్ము అవుతుందని నిలబడే మాట్లాడాడు. పాత్ర కూతురికి ఇప్పించమని అడగడానికి వచ్చాడనుకున్నాను.

"సార్, మా బిడ్డకు గా డ్రైవర్ ఏశమే ఉండనియ్యున్రి."

"మీ అమ్మాయికి అది ఇష్టం లేదండీ."

"చిన్నపిల్ల, దానికేం ఎర్క. ఇంట్ల ఒక్కటే లొల్లి వెడుతున్నది, గా సీట్ల కూసునే ఆమె ఏశం కావాలని. మీరు ఇయ్యకున్రి."

"ఎందుకు?"

ఆయన గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించాడు. "ఊర్ల దాన్ని ఏమని పిలుస్తరో ఎర్కేనా సార్? బొగ్గు అంటరు. నన్ను కన్న మా అవ్వనే అంటది. ముద్దుకే అంటది, కాదన. ఈడికి తెచ్చుకున్నంక గా పేరు పోయింది. ఇప్పుడు ఇస్కూల్ల మల్ల నల్లామె ఏశం కట్టిస్తే, గా ఫోటోలు ఊరికి పోతయి. మా ఊరోళ్లకు గల్ఫంత దుబాయే. దుబాయ్ పోయినా బొగ్గు బొగ్గే అంటరు. ఇగ జన్మల పోదు."

"నలుపులో తప్పేముందండీ?"

"తప్పని నేనన్ననా సార్? నేను నలుపే. దానమ్మ నలుపే. తప్పు లేకుంటె అందరెందుకు అంటరు?"

నలుపు మీద నా దగ్గర అరగంట ఉపన్యాసం సిద్ధంగా ఉంది. మొదలుపెట్టాను కూడా. ఆయన మర్యాదగా విని, వాచీ చూసుకుని, "మీరు సదువుకున్నోళ్లు. గంతే సార్, డ్రైవర్ ఏశం ఉండనియ్యున్రి" అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు చెప్పండి. పాత్ర కావాలని పన్నెండేళ్ళ పిల్ల అడుగుతోంది, తన ఇష్టంతో. వద్దని తండ్రి అంటున్నాడు, ఆమె మీద ప్రేమతో. చీటీ తీసిన ఖలీఫా అమ్మాయి ఏ తప్పూ చేయలేదు, డైలాగులు కూడా నేర్చుకుంది. ఆమె దగ్గరనుంచి లాక్కోవడం ఏం న్యాయం? నేను పెట్టిన చీటీల నియమం నేనే తప్పితే రేపు పిల్లలు నన్నెందుకు నమ్మాలి? యువతీ యువకులు పెద్దల మాట కాదని తమ బతుకు తాము ఎంచుకోవాలని వేదికలెక్కి చెప్పినవాణ్ణి. ఈ తండ్రి దగ్గర ఆ మాట నోటికి రాలేదు. ఆయన మూఢనమ్మకం చెప్పలేదు. ఉన్న సంగతి చెప్పాడు. మూఢుడితో వాదించడం నాకు వచ్చు. ఉన్న సంగతి చెప్పేవాడితో ఎలా వాదించాలో మాకెవరూ నేర్పలేదు.

చివరికి చీటీలనే ఉంచాను. ధైర్యంతో కాదు, మరో దారి తోచక. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అమ్మాయిని పిలిచి, చీటీ మార్చడం కుదరదన్నాను. "సరే సార్" అంది. ఆ "సరే"లో అంగీకారం ఉందో, ఇంకేముందో నేను చూడలేకపోయాను. రిహార్సల్స్‌లో డ్రైవరు పాత్రను బాగానే చేసింది, ఉత్సాహం లేకుండా. ఖలీఫా అమ్మాయి కూడా సీట్లో బాగానే కూర్చుంది, ఉత్సాహం లేకుండానే. ఆ రెండో సంగతి నేను గమనించలేదు.

కార్యక్రమం రోజు మధ్యాహ్నం హాలు నిండిపోయింది. తల్లిదండ్రులందరి చేతుల్లో ఫోన్లు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అమ్మాయి తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరసలో కూర్చున్నాడు. నన్ను చూసి, డ్రైవర్ అన్నట్టుగా చేతులతో స్టీరింగ్ తిప్పి చూపించి నవ్వాడు. నేను తలూపాను.

తెర లేచింది. అట్టపెట్టెల బస్సు. స్టీరింగ్ ముందు టోపీ పెట్టుకుని, తెల్ల కండువాతో కూర్చున్నది ఖలీఫా అమ్మాయి. సీట్లో, కాఫీరంగు కండువాతో, ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అమ్మాయి.

స్టేజి మెట్ల దగ్గర నా పక్కన ఆర్ట్ మేడమ్ నిలబడి ఉంది. "మీరు మార్చారా?" అన్నాను.

"నై సార్, నాకేం ఎర్క లేదు. మీరు మార్చిన్రనుకున్న."

ఎవరూ మార్చలేదు. ఇద్దరూ వాళ్ళలో వాళ్ళు మార్చుకున్నారు. సంగతి తరవాత ఖలీఫా అమ్మాయే చెప్పింది. "సార్, ఊరికే కూర్చోవడం బోర్. డ్రైవరుకు టోపీ ఉంది, అరవచ్చు. మొదటి నుంచీ నాకు అదే కావాలి. తను ఎప్పుడు అడుగుతుందా అని చూశాను." అడగడానికి ఇన్ని రోజులు ఎందుకు పట్టిందని ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అమ్మాయిని అడిగితే, "చీటీ అంటే మార్చొద్దన్నరు కద సార్" అంది. నేను ఒక నియమం పెట్టాను, అందుకే ఆలస్యమైంది. లేకపోతే మొదటి రోజు భోజనం గంటలోనే తేలిపోయేది.

డ్రైవరు లేచి అరిచింది. బాగా అరిచింది. ఇంగ్లీషులో లేవమంది, తరవాత స్క్రిప్టులో లేకపోయినా హిందీలో కూడా లేవమంది. కొందరు తల్లులు నవ్వారు. సీట్లో ఉన్న అమ్మాయి మాట్లాడలేదు. మరచిపోయిందేమో అనుకున్నాను. మెట్ల దగ్గర నుంచి ఆర్ట్ మేడమ్ మాట అందించింది. అయినా కాసేపు అలాగే కూర్చుని, తరవాత ఇంగ్లీషులో చిన్నగా, లేవనంది. వెనక వరసల నుంచి ఎవరో వినబడలేదని అరిచారు. అప్పుడు అమ్మాయి ఆ వైపు తిరిగి, గట్టిగా, "లెవ్వ" అంది.

హాల్లో సగానికి పైగా తెలుగు రానివాళ్ళు. వాళ్ళు నవ్వారు. తెలుగు వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు తెలియదు. ఆ మాట బాగుందని నవ్వారా? ఇంగ్లీషు నాటకంలో తెలుగు మాట వచ్చిందని నవ్వారా? ఎవరు అన్నారో చూసి నవ్వారా? ఒకే నవ్వు, ఒక్కసారిగా వచ్చింది. దాన్ని ఎలా విడదీసి చూడాలి? మూడో వరసలో తండ్రి ఒక్కడే నవ్వలేదు. లేచి నిలబడి ఫోటోలు తీస్తున్నాడు. వెనకవాళ్ళు కూర్చోమంటున్నారు. ఆయన కూర్చోలేదు. పోలీసు వేషం వేసిన ఇద్దరు మగపిల్లలు వచ్చి అమ్మాయిని చెరోపక్కా పట్టుకుని తీసుకెళ్ళేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.

అయిపోయాక ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. గేటు బయట, ఎండలో, పికప్ పక్కన. అమ్మాయి కూడా ఉంది. మెడలో కండువా ఇంకా తీయలేదు. నేను సంజాయిషీ మొదలుపెట్టబోయాను. ఆయన వినలేదు.

"సార్, గా టోపి పిల్ల అట్ల ఒదురుతుంటె నాకు స్టేజి మీదికి ఉరకబుద్ధయింది. ఇది సూడున్రి, కదల్లే. కూసున్నకాన్నే కూసున్నది." ఫోను తీశాడు. ఒక ఫోటో చూపించాడు. అట్టపెట్టెల బస్సు, అరుస్తున్న డ్రైవరు, సీట్లో తన కూతురు. "అవ్వకు పంపుత."

ఈ ఫోటో ఊరికి పోకూడదనే కదా ఈయన డ్యూటీ వదిలి బడికి వచ్చింది?

"వద్దు బాపు" అంది అమ్మాయి.

"ఎందుకే? నువ్వే గద గీ ఏశం కావాలన్నవ్."

"ఆడ కథ తెల్వదు. బొమ్మే సూస్తరు."

ఆయన నావైపు తిరిగాడు. "మీరు చెప్పున్రి సార్. పంపాల్నా, ఒద్దా?"

వేషం కోరుకున్నది కూతురు, ఇప్పుడు దాచమంటోంది. వద్దన్నది తండ్రి, ఇప్పుడు ఊరికి చూపిస్తానంటున్నాడు. నేను ఏ పక్షాన మాట్లాడాలో నాకు తెలియలేదు. "అమ్మాయి ఇష్టం" అన్నాను, అది జవాబు కాదని తెలిసి కూడా.

"సరే, కథ గూడ చెప్పి పంపుత" అన్నాడు ఆయన. "గప్పుడు?"

అమ్మాయి ఆలోచించింది. "మొత్తం చెప్పాలె."

ఆయన ఫోను నోటి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టాడు. "అవ్వా, ఇను. గిది నాటకం. నిజం గాదు. దుబాయ్‌ల ఒక బస్సుండె..."

"దుబాయ్ కాదండీ, అమెరికా" అన్నాను, ఉండబట్టలేక.

ఆయన ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "మా అవ్వకు అమెరికా సమజ్ గాదు సార్." మళ్ళీ మొదలుపెట్టాడు. బస్సులో కైకిలి, అంటే కూలిపని, చేసుకుని వచ్చే ఒక నల్లామె, తెల్లోడు ఎక్కుడు, లెవ్వమనుడు, ఆమె లెవ్వననుడు. అమ్మాయి మధ్యలో ఒకటి రెండు చోట్ల అందించింది. నేను ఆరువారాలు బొమ్మలతో, పటాలతో చెప్పింది ఆయన పికప్‌కు ఆనుకుని చెప్పేశాడు. సగం తప్పులే. అయినా చెప్పాడు. ఫోటో, మాటలు రెండూ పంపాడు.

ఊళ్ళో ముసలమ్మ ఫోను చేతిలోనే పెట్టుకుని ఉన్నట్టుంది. జవాబు వెంటనే వచ్చింది. ఆయన గట్టిగా పెట్టి వినిపించాడు.

"కథ మంచిగున్నది బిడ్డా. అన్యాలం చేసిన్రు ఆమెకు. గా టోపి పెట్టుకున్న పిల్ల ఎవలు? తెల్లగ, ముద్దుగున్నది."

తండ్రి ముఖం ఒక్కసారి మారిపోయింది. నేను కూతురి ముఖం చూడలేక రోడ్డువైపు చూశాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను.

అమ్మాయి తండ్రి చేతిలోంచి ఫోను తీసుకుంది. మాట రికార్డు చేసే బొత్తాం నొక్కి పట్టుకుంది. గొంతులో కోపం లేదు. తెలియనివాళ్ళకు ఇల్లు గుర్తు చెప్పినట్టు, నిదానంగా చెప్పింది.

"ఆమెను కాదు నాయినమ్మా. కూసున్నదాన్ని సూడు."

పంపేసి, ఫోను ఎత్తి పట్టుకుని నిలబడింది. జవాబు రావాలి కదా. ముగ్గురం ఆ ఎండలో అలాగే నిలబడి ఎదురుచూశాం.